చావిట్లోవి, ఇంట్లోవి

మా మామగారు కుందేళ్ళను తెచ్చిన రోజున నేను ఆయనతో మాట్లాడలేదు. మిరపతోట మొదటి కోతకు వచ్చింది. కూలీలను కుదుర్చుకోవాలి, రెండు బర్రెలకు కుడితి పెట్టాలి, వంట సరేసరి. ఉన్న చాకిరీ చాలదన్నట్టు ఒక ట్రక్కు ఆటో వాకిట్లో ఆగి, దాంట్లోంచి టమాటా బుట్టలు దిగాయి. బుట్టకు నాలుగైదు చొప్పున, చెవులు వెనక్కి అణుచుకుని కూర్చున్న కుందేళ్ళు. ఇన్నిటిని ఎప్పుడు కోసుకు తింటారని ఆటో అతను సరదాగా అడిగాడు. మామగారు అతని మీద గట్టిగా కేకలేశారు. ఆయన గొంతు అంత పెద్దగా విని చాలాకాలమైంది. అందుకే నేను నోరు మూసుకున్నాను గానీ, మొహం మాత్రం మాడ్చుకునే ఉన్నాను.

మాది వినుకొండ దగ్గర పల్లె. మామగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటిదాకా ఆయన ఇంట్లో కూర్చోగా నేను చూడలేదు. తోటలో తెల్లదోమ కనబడితే తన ఒంటికే ఏదో పట్టినట్టు గోలచేసే మనిషి, ఆ తర్వాత వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. మా ఆయన వచ్చి ఈసారి ఏ మందు కొట్టమంటావు నాన్నా అని అడిగినా నీ ఇష్టం అనేవారు. ఎడమచేత్తో తినను పొమ్మని పంతం పడితే అత్తయ్యే ముద్దలు కలిపి పెట్టేది. ఆ ముద్దలు తినేటప్పుడు ఆయన కళ్ళు మూసుకునేవారు. అది చూడలేక నేను ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

కుందేళ్ళు అత్తయ్య తమ్ముడివి. ఆ రోజుల్లో కుందేళ్ళ పెంపకం అంటే జనానికి పిచ్చి పట్టింది. ఎవరో కంపెనీవాళ్ళు జతలు అమ్మి, పిల్లల్ని మళ్ళీ మేమే కొంటామని నమ్మించారు. ఆయన చీమకుర్తి దగ్గర షెడ్డు వేశాడు. పిల్లలు పెరిగాయి, కంపెనీవాళ్ళు మాత్రం కనబడకుండా పోయారు. మేపలేక, చంపలేక, ఒకరోజు బోన్ల తలుపులు తీసేశాడు. బోనులో పుట్టిన జంతువుకు పరుగెత్తడం ఏం తెలుస్తుంది? బయటికొచ్చి అక్కడే కూర్చున్నాయట. అక్కడి గ్రానైట్ క్వారీల దగ్గర తిరిగే కుక్కలు వచ్చి పడ్డాయి. అత్తయ్య బలవంతం మీద చుట్టపుచూపుగా వెళ్ళిన మామగారు అది కళ్ళారా చూశారు. మిగిలినవాటిని ఒంటిచేత్తో ఏరి బుట్టల్లో వేసుకున్నారు.

వాటిని గొడ్లచావిడిలో ఒక పక్క వెదురు తడికలు కట్టి పెట్టారు. మర్నాడు నేను లేచేసరికి మామగారు మంచం మీద లేరు. వెతుక్కుంటూ వెళ్ళాను. చావిట్లో ఉన్నారు. ఎడమచేత్తో చీపురు పట్టుకుని కుందేళ్ళ కింద ఊడుస్తున్నారు. వంకరటింకరగా ఊడుస్తున్నారు, సగం చెత్త అక్కడే ఉంటోంది, మళ్ళీ మొదలుపెడుతున్నారు. అన్నానికి పనికిరాదనుకున్న చెయ్యి కుందేళ్ళకు పనికొచ్చింది. అత్తయ్య నా వెనక నిలబడి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి నేను కుందేళ్ళను తిట్టడం మానేశాను. ఇవి బతికితే ఆయన లేచి తిరుగుతారని మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేకుండానే తెలిసిపోయింది.

గడ్డి తేవడం నా వంతు. పత్తిచేలల్లో గట్ల మీద కావలసినంత గడ్డి ఉండేది గానీ అదంతా పురుగుమందు తడిసిన గడ్డి. అందుకని సాగర్ కాలవ దాకా నడిచి కోసుకొచ్చేదాన్ని. తిట్టుకుంటూనే వెళ్ళేదాన్ని. మోపు దింపగానే మామగారు దాన్ని వాసన చూసేవారు, ఎక్కడ కోశావమ్మా అని ప్రతిసారీ అడిగేవారు. నమ్మకం లేక కాదు, భయం.

కళ్ళంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో రెండు తల్లులు ఈనాయి. పొట్టమీది బొచ్చు తామే పీక్కుని పరుచుకుని, దాంట్లో పిల్లల్ని పెట్టాయి. ఎర్రగా, బొచ్చు లేకుండా, కళ్ళు కూడా తెరవని పిల్లలు. నాకు చూడగానే ఒళ్ళు జలదరించింది. మామగారికి మాత్రం లోకంలో అంత అందమైనవి లేవు. అయినా చెయ్యి పెట్టలేదు. మనిషి వాసన తగిలితే తల్లి పాలివ్వదని ఎవరో చెప్పారు. కళ్ళు తెరిచాక పట్టుకుంటాలే అని తడికె పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు.

తుమ్ములు అప్పుడే మొదలయ్యాయి. మేం నవ్వాం. మిరప సీజనులో మా ఊళ్ళో తుమ్మనిదెవరు? కళ్ళం మా ఇంటిని ఆనుకునే ఉంది. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు మూతికి గుడ్డలు కట్టుకుని తుమ్ముతారు, బస్తాలు తొక్కేవాళ్ళు తుమ్ముతారు, బర్రెలు తుమ్ముతాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను తుమ్మీ తుమ్మీ ముక్కు ఎర్రబడితే ఊరంతా వేళాకోళం చేశారు. ఇప్పుడు కుందేళ్ళ వంతు వచ్చింది. మన ఊరి నీళ్ళు పడ్డాయి వీటికి అని మా ఆయన అన్నాడు. మామగారు చావిడికి కళ్ళం వైపు గోనెపట్టాలు కట్టించారు. ఘాటు తగలకుండా అంతకన్నా ఎవరు మాత్రం ఏం చేస్తారు?

కాయలు బస్తాలకెక్కాయి. లారీ వచ్చి గుంటూరు యార్డుకు తీసుకుపోయింది. కళ్ళం ఊడ్చేశాం, ఒక పెద్దవాన కూడా పడింది. ఇంట్లో తుమ్ములు ఆగిపోయాయి. చావిట్లో ఆగలేదు.

అప్పుడు మామగారు ఒకదాన్ని ఒళ్ళోకి తీసుకుని ముందుకాళ్ళు తిప్పి చూశారు. లోపలివైపు బొచ్చు జిగురు పూసినట్టు అట్టకట్టి ఉంది. అది ముక్కు తుడుచుకున్న గుర్తు. మరొకదాన్ని చూశారు, అంతే. నన్ను పిలిచి చూపించారు. మా ఆయన్ను డాక్టరు కోసం పంపాను.

పశువుల డాక్టరు మా మండలానికి కొత్తగా వచ్చిన కుర్రాడు. నిజం దాచే అలవాటు ఇంకా రాలేదు. ఒక్కోదాన్నీ ఓపిగ్గా చూశాడు, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. లేచి చేతులు కడుక్కుని, అత్తయ్య ఇచ్చిన టీ కూడా తాగకుండా మామగారితో చెప్పాడు.

"ఇది ఘాటు కాదండీ, అంటుజబ్బు. ఇంజక్షన్లకి తగ్గుద్ది గానీ పోదు. పెద్దవాటికి దాదాపు అన్నిటికీ వచ్చేసింది. పిల్లల్ని ఇప్పుడే తీసేస్తే బతికితే బతుకుతాయి."

పిల్లలు అప్పుడప్పుడే కళ్ళు తెరుస్తున్నాయి. వాటిని తల్లుల దగ్గర్నుంచి తీసి ఇంట్లో పెట్టాలి. చావిట్లోవాటిని చూసేవాళ్ళు ఇంట్లోవాటిని ముట్టుకోకూడదు. గిన్నె, గడ్డి, గుడ్డ, చివరికి చెప్పులు కూడా వేరుగా ఉండాలి. మామగారు తల ఊపారు. మరి పిల్లల్ని ఎవరు చూస్తారని డాక్టరు అడిగితే నావైపు చూపించారు. తను చావిట్లో ఉంటానన్నారు. జబ్బుపడ్డవాటిని వదిలేసి రానన్నారు. అప్పటిదాకా కళ్ళు తెరిచాక పట్టుకుంటానని ఎదురుచూసిన మనిషి, తెరిచిన రోజునే వాటిని నా చేతిలో పెట్టించేశారు.

ఈ వ్యవహారం అర్థం కాదేమోనని నేను భయపడింది అత్తయ్య గురించి. ఆవిడకే అందరికన్నా ముందు అర్థమైంది. పురుడొచ్చినా చావొచ్చినా మైల పాటించడం ఎలాగో ఆవిడకు ఒకరు చెప్పాలా? నూతి దగ్గర ముగ్గుతో గీత గీసింది. గీతకు అటు చావిడి, ఇటు ఇల్లు. మామగారి కంచం, మంచం అటు వెళ్ళాయి. తనూ అటే వెళ్ళింది. కుందేళ్ళ వాసనకే ముక్కు మూసుకునే మనిషి, వాటిని పాత చీరముక్కలో చుట్టి కదలకుండా పట్టుకునేది, ఆయన ఎడమచేత్తో మెడ మీది వదులు చర్మం కింద సూది పొడిచేవారు. మొదట్లో మందు సగం చీరలోకే పోయింది. తర్వాత చెయ్యి కుదిరింది.

నేను పిల్లల్ని వసారాలో గంపలో పెట్టుకున్నాను. పక్కింటావిణ్ణి పిన్నీ అని పిలిచేదాన్ని, వాళ్ళు ముస్లిములు, మేకలు ఉండేవి. పొద్దునా సాయంత్రం గ్లాసుడు పాలు గోడ మీది నుంచి అందించేది. ఇంకు ఫిల్లరుతో చుక్కచుక్కగా పట్టేదాన్ని. ఎక్కువ పోస్తే ముక్కులోకి పోతాయి, తక్కువైతే ఆకలి. నోట్లో ఫిల్లరు పెట్టగానే ముందుకాళ్ళు రెండూ నా వేలిమీద వేసి పట్టుకునేవి. నాకు అంతకు ముందు జంతువులంటే ప్రేమ లేదు. ఉందని అబద్ధం చెప్పను. ఆ కాళ్ళు వేలిని పట్టుకున్నప్పుడు మాత్రం ఏడుపొచ్చేది.

సాయంత్రం గంపను గీత దగ్గరికి తీసుకెళ్ళి కొంచెం వంచి చూపించేదాన్ని. మామగారు అవతల నిలబడి మెడ సాచి చూసేవారు. ఆ బూడిదరంగుది పాలు సరిగ్గా తాగుతోందా, ఆ తెల్లది ఎందుకలా ముడుచుకుంది, ఇవే ప్రశ్నలు. ఎడమచెయ్యి తనంతట తానే ముందుకొచ్చేది, మళ్ళీ వెనక్కి తీసుకునేవారు.

ఇంజక్షన్లకు గుణం కనిపించింది. ముక్కులు ఆరాయి, తుమ్ములు తగ్గాయి. ఆ కాసిన్ని రోజులు మా ఇంట్లో పండగే. మామగారు మా ఆయన్ను పిలిచి వచ్చే ఏడు ఏ చేలో మిరప వెయ్యాలో, ఏ చేలో పత్తి వెయ్యాలో చెప్పారు. అడక్కుండా చెప్పారు. మా ఆయన వచ్చి ఆ మాట నాకు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు.

మందు ఆపగానే జబ్బు మళ్ళీ వచ్చింది. డాక్టరు ముందే చెప్పాడు, మేమే వినదలుచుకోలేదు. ఈసారి చెవుల్లోకి పాకింది. ఈనిన తల్లుల్లో ఒకదానికి మెడ ఒరిగిపోయి, తిన్నగా నడవలేక ఉన్నచోటనే గుండ్రంగా తిరిగేది. మామగారు దాని పక్కన కూర్చుని తలను తన అరచేతిలో నిలిపి గడ్డి తినిపించేవారు. చెయ్యి తీస్తే తల వాలిపోయేది. అందుకని తీసేవారు కాదు. చచ్చిపోయినవాటిని మా ఆయన చేను చివర లోతుగా తవ్వి సున్నం చల్లి పూడ్చేవాడు.

ఇంట్లోవి కూడా పోవడం మొదలైంది. వాటికి తుమ్ములు లేవు, ముక్కు కారడం లేదు. పొద్దున పాలు తాగిన పిల్ల మధ్యాహ్నానికి డొక్కలెగరేస్తూ ఊపిరి తీసేది, సాయంత్రానికి ఉండేది కాదు. తల్లి దగ్గర ఉన్నప్పుడే అంటుకుని లోపల ఉండిపోయి ఉంటుందని డాక్టరు అన్నాడు. ఇంతలేసి పిల్లలకు సూది వెయ్యడానికి అతనే జంకాడు. వేశాడు. ఏమీ మారలేదు. నేను గీత దగ్గరికి గంప తీసుకెళ్ళడం మానలేదు. ఎన్ని ఉన్నాయో ఆయనకు కనబడుతూనే ఉంటుంది కదా. ఆయన ప్రశ్నలు అడగడం మానేశారు. చూసి, సరేనన్నట్టు తల ఊపి, చావిట్లోకి వెళ్ళిపోయేవారు.

చివరికి బూడిదరంగుది ఒక్కటే మిగిలింది. అది బతుకుతుందని నాకు గట్టి నమ్మకం. గడ్డి కొరకడం నేర్చింది, నా చీర కుచ్చిళ్ళు కొరికేది, వసారా అంతా గంతులేసేది. దాన్ని పెద్దది చేసి, చావిట్లో జబ్బంతా పోయాక, తడికెలు కాల్చి కొత్తవి కట్టి, ఆయన ఒళ్ళో పెట్టాలని అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నానో. అదొక్కటి చాలు ఆయనకు. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, దణ్ణాలు మాత్రం చాలామంది దేవుళ్ళకు పెట్టాను.

ఒక రోజు పొద్దున అది గంప మూలలో నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. ఫిల్లరు పెడితే పాలు బయటికి కారిపోయాయి. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తున్నా లేవలేదు. అది ఒకసారి గట్టిగా కాళ్ళు చాపి, అలాగే ఉండిపోయింది.

దాన్ని కొంగులో పెట్టుకుని నూతి దాకా వెళ్ళాను. అలవాటు కొద్దీ గీత దగ్గర ఆగిపోయాను. మామగారు చావిడి గుమ్మంలో ఉన్నారు. నా మొహం చూసి లేచి నిలబడ్డారు.

"లోపలికి రామ్మా. ఇంక ఎవరికి భయం?"

గీత దాటాను. స్టూలు మీద కూర్చుని ఎడమచెయ్యి చాపారు. పిల్లను అందులో పెట్టాను. దాన్ని పడిపోయిన కుడిచేతి మీదికి మెల్లగా జరిపి, ఎడమచేత్తో నుదుటి దగ్గర్నుంచి తోక దాకా నిమిరారు. మళ్ళీ నిమిరారు. ఒక చెవిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశారు. అత్తయ్య తడికె పట్టుకుని నిలబడింది.

"పుట్టినకాణ్ణించి చూస్తన్నా. ఇదే ముట్టుకోడం."

ఆ మాట మామూలుగానే అన్నారు. పూడ్చడానికి మా ఆయన వచ్చి అడిగితే కాసేపాగమన్నారు. ఎండ చావిట్లోకి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

మర్నాడు తెల్లవారాక చూస్తే ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలిచాను, పలకలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, గోడకేసి చూస్తూ రెప్పలార్పుతున్నారు. చావిట్లో మెడ ఒరిగిన తల్లి ఆకలికి గుండ్రంగా తిరుగుతోంది. ఇంట్లో కాపాడుకోవలసిన పిల్లలేవీ లేవు కాబట్టి ఇప్పుడు దాన్ని నేను కూడా ముట్టుకోవచ్చు. వెళ్ళి కింద కూర్చుని, తలను అరచేతిలో నిలబెట్టి, గడ్డి తినిపించాను.