ముఖం మీద చీటీ

మలేసియాలోని ఇపో ఊళ్లో పాత సినిమాల డిస్కులమ్మే కొట్టులో నూకరత్నం పనల్లా పెట్టెలు విప్పడం, అట్టలు తుడవడం, ధర చీటీలు అంటించడం. యాభై దాటిన మనిషి. మోకాళ్లు పట్టేసినా స్టూలు మీద కూర్చోదు, అరలకు వీపు ఆనించి నిలబడుతుంది. చీటీ అంటించాక, ఎవరి నోరో నొక్కుతున్నట్టు బొటనవేలితో గట్టిగా అదుముతుంది. అట్ట మీద హంతకుడి బొమ్మ ఉంటే చీటీ సరిగ్గా వాడి ముఖం మీదే పడుతుంది. ఆమె తమ్ముడు టాక్సీ నడిపేవాడు. అతణ్ణి ఎవడో ప్రయాణికుడు పొడిచి చంపినప్పుడు, పేపర్లు వాడి ముఖాన్ని వారాల తరబడి వేశాయి. తమ్ముడిది మాత్రం ఒక్కటే ఫొటో: దుప్పటి కప్పిన శవం, బయటికి కనిపించే పాదాలు. ఉగాదికి తను కొనిచ్చిన చెప్పులు చూసి ఆమె గుర్తుపట్టింది.

ఈ వారం ఒక పాత జపాను సినిమా కొత్తగా డిస్కు రూపంలో వచ్చింది. నిజంగా జరిగిన హత్యల కథ. దాని కోసం ఎన్నాళ్లుగానో కొట్టుకొచ్చి అడుగుతున్న శ్రీకుమార్, అట్ట మీది చీటీని గోటితో గీకుతూ నొచ్చుకున్నాడు.

"ఏటక్కా, ముఖం మీదే అంటించేసినావు? సినిమా అంతా ఈడిదే కదా!"

"మరి సచ్చినోల్లేరీ, బాబూ?"

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. అట్ట వెనక్కి తిప్పి, వెతికి వెతికి, ఓ మూలనున్న చిన్న బొమ్మ చూపించాడు. చాప కప్పిన శవం, రెండు పాదాలు. నూకరత్నం కళ్లద్దాలు పైకి తోసుకుని, అట్టను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"సెప్పుల్లేవు," అంది. "ఇంటోల్లు ఎలాగ పోల్చుకుంటారు?"