లచ్చక్క చేపలు వెలిగే వేళ

చేపల తొట్టిలోకి గాలి పంపే మోటారు సన్నగా గుర్రుమంటోంది. కరీంనగర్‌లో ఒక చిన్న ఆసుపత్రి. మా రైస్ మిల్లు హమాలీ ఓదెలును జ్వరంతో తీసుకొచ్చి డాక్టరు గదిలోకి పంపి, బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా గోడవారన అద్దాల తొట్టి. అడుగునుంచి బుడగలు లేచి, పైకి పోయి, చప్పుడు లేకుండా ఆరిపోతున్నాయి. నాచు పట్టిన నీళ్ళ వాసన. ఒంటిమీద నీలిగీత ఉన్న చిన్న చేపలు గుంపుగా మలుపు తిరిగాయి. అలవాటుకొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఆ చప్పుడూ ఆ వాసనా కలిసి నన్ను లచ్చక్క ముందు గదిలోకి తీసుకుపోయాయి.

అప్పట్లో నేను శ్రీరాంపూర్‌లో బొగ్గు లారీల ట్రిప్పులు రాసే పనిలో ఉండేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగినా లెక్కలు నన్ను వదల్లేదు. పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. కంటికి కనిపించిన దానినల్లా లెక్కపెట్టేవాణ్ణి. కరెంటు స్తంభాలు, పెళ్ళి పంక్తిలో విస్తర్లు, గుడిమెట్లు. మేం అద్దెకున్న ఇల్లు లచ్చక్కది. ముందు గదుల్లో ఆమె, వెనక గదుల్లో నేనూ నా భార్య సుజాతా. లచ్చక్క భర్త గనిలో ప్రమాదంలో పోతే, ఆ ఉద్యోగం బదులు ఆమెకు గని పైన ల్యాంప్ రూములో పని ఇచ్చారు. గనిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ తన నంబరు బిళ్ళ ఇచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకుంటాడు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. కొక్కేనికి లైటు తిరిగి రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. లైట్లు ఇవ్వడం, అవి వచ్చేదాకా చూడడం. రిటైర్ అయ్యేదాకా లచ్చక్క చేసిన పని అదే.

ఉద్యోగం అయిపోయాక ఆమె మంచిర్యాలకు పోయి చేపల తొట్టి కొనుక్కొచ్చింది. అందులో నీలిగీత చేపల గుంపు, బొట్టుబిళ్ళంత ఏంజెల్ చేప ఒకటి. సాయంత్రాలు ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, తొట్టి లైటు ఒక్కటే ఉంచి కుర్చీలో కూర్చునేది. ఆకుపచ్చటి వెలుగు ఆమె ముఖం మీద, గోడమీది భర్త ఫొటో మీద మెల్లగా ఊగేది. "బాయి దిగేటోళ్ళు గిట్లనే పోదురు తమ్మీ," అనేది చిన్న చేపల్ని చూపిస్తూ. "చీకట్ల మనిషి కనవడడు. లైటొక్కటే కదులుతుంటది." బాయి అంటే అక్కడ బొగ్గుగనే. ఏంజెల్ చేపకు రాణి అని పేరు పెట్టింది. అది పెరిగి అరచేయంత అయింది. అద్దం మీద వేలు పెడితే వచ్చి ఆ వేలి దగ్గర ఆగేది. ఆ ఇంట్లో ఆమెను చూసి ఎదురు వచ్చే ప్రాణం అదొక్కటే.

ఒకరోజు పొద్దున తొట్టి ముందు నిలబడి, "ఒకటి తక్కువుందక్కా," అన్నాను.

"ఎవరు?"

"చేప."

"చేపనే అని నాకెరుకనే. ఏ చేప?"

"అన్నీ ఒక్కతీరే ఉన్నయి గదా."

"నీకు లారీలు గూడ ఒక్కతీరే. నంబరు జూడకుంటే గుర్తువట్టవు," అని నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. "మీ బావ రాని దినం ల్యాంప్ రూమాయన బయటికొచ్చి, ఒక లైటు తక్కువుంది అన్నడు. గంతే అన్నడు. గేటుకాడ అందరం ఆడోళ్ళమే. ఒకలి మొఖం ఒకలం జూసుకున్నం. నాది గావద్దని మొక్కుకున్న. నాది గావద్దంటే ఇంకొకలది గావాలనే గద తమ్మీ. పేరు జెప్పేదాక గట్లనే నిలవడ్డం. నాకు నౌకరి అయినంక, ఏ లైటు రాకున్నా ముందుగాల పేరు జెప్పిన."

ఆ తర్వాత నేను వాటిని విడివిడిగా చూడడం నేర్చుకున్నాను. ఒకదాని గీత తోక దగ్గర విరిగి ఉండేది. ఇంకొకటి ఎప్పుడూ గుంపుకు కాస్త వెనక ఉండేది. అయినా చేపలు తగ్గుతూనే ఉన్నాయి. శవం దొరకదు, నేలమీద పడిన జాడ లేదు. తొట్టిమీద సందులన్నీ మూశాను, ఫిల్టరు నోటికి పలచటి గుడ్డ కట్టాను. "చేపలకు గూడ ట్రిప్పులు రాస్తుండు మా ఆయన," అని సుజాత వీధిలో అందరికీ చెప్పింది. లచ్చక్క నవ్వలేదు. తను తినడం తగ్గించింది. రాణి మీద నాకు అనుమానం ఉండేది. ఆమెకూ ఉండే ఉంటుంది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

చివరికి ఆమే ఒక మాట చెప్పింది. "లేవంగనే లైటేసి జూస్తే అందరుంటరు తమ్మీ. ఛాయ వెట్టుకొని వచ్చేవరకు ఒకలు ఉండరు. నాకే కండ్లు ఆగమైతున్నయేమో."

రిటైర్ అయినా ఆమె ఇంకా మొదటి షిఫ్టుకు లేచినట్టే లేచేది. లేచీ లేవగానే తొట్టి లైటు వేసి హాజరు చూసుకునేది. మరునాడు ఆ వేళకు నేనూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. కిటికీ బయట ఇంకా చీకటిగానే ఉంది. లచ్చక్క స్విచ్ వేసింది, పెదవులు కదుపుతూ చూసుకుంది, తలూపి వంటింట్లోకి పోయింది. చిన్న చేపలు నీళ్ళ మధ్యలో కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒంటిమీద నీలిగీతలు లేవు. నిద్రలో వాటి రంగు వెలిసిపోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. వెలుగు పడినా వాటికి ఇంకా మెలకువ రాలేదు. రాణికి వచ్చింది. ఆకుల వెనకనుంచి తీరిగ్గా వచ్చి, ఆమె వేలి దగ్గరికి వచ్చినంత నెమ్మదిగా వచ్చి, ఒకదాన్ని నోట్లోకి తీసుకుంది. నీళ్ళు కూడా కదల్లేదు.

లచ్చక్క రెండు టీ గ్లాసులతో వచ్చింది. నా ముఖం చూసి గ్లాసులు కింద పెట్టింది.

"ఎవరు?"

"వెనక వెనక ఉంటది చూడక్కా, అది."

"తీసుకపోయింది ఎవరు?"

నేను రాణి వైపు చూశాను. ఆమె అటు చూడలేదు. ఇక దాచి లాభం లేదనిపించింది. "నువ్వు లైటేసినప్పుడు చిన్నయి ఇంకా నిద్రలనే ఉంటున్నయి. రాణికి ముందుగాల తెలివైతుంది."

లచ్చక్క స్విచ్ వైపు చూసింది. "అంటే నేను లెక్క వెట్టుడుతోనే పోతున్నయి," అంది.

ఆ రోజంతా ఆమె గదిలోంచి బయటికి రాలేదు. సాయంత్రం స్టీలు బకెట్‌తో మా గుమ్మంలోకి వచ్చింది. పైన తడి తువ్వాల కప్పి ఉంది. లోపల రాణి. "దాని తప్పేం లేదు. దాని నోరు పెద్దగైంది, గంతే. కానీ ఈ చిన్నోళ్ళను గూడ నేనే తెచ్చిన, వీళ్ళ పానం నా మీద ఉన్నది," అంది. బకెట్ నా చేతికిచ్చింది కానీ, పిడి వెంటనే వదల్లేదు. "ఒక్కతే ఉంటది. లెక్కకు పని లేదు. రోజు మొఖం జూసి పో."

ఆ తర్వాత ఆమె తెల్లవారుజామున స్విచ్ ముట్టుకోలేదు. షిఫ్టు వేళకే లేచేది, కిటికీ తెరిచేది, చీకట్లో కూర్చునేది. కొన్నిసార్లు నేనూ పక్కన కూర్చున్నాను. బయట తెల్లబడేకొద్దీ నీళ్ళు ముందు బూడిదరంగులోకి, తర్వాత పాలరంగులోకి వచ్చేవి. ఎక్కడో అడుగున ఒక నీలిగీత మెల్లగా వెలిగేది. కాసేపటికి ఇంకొకటి. లచ్చక్క లెక్కపెట్టేది కాదు. ఒక్కొక్కటి వెలిగినప్పుడల్లా, పైకొచ్చిన మనిషికి బిళ్ళ తిరిగి ఇస్తున్నట్టు, ఒళ్ళో చేయి కొంచెం కదిలేది. మిగిలినవన్నీ వెలిగాకే లేచి ఛాయ పెట్టేది.

రాణి మా ఇంట్లో వేరే తొట్టిలో చాలాకాలమే బతికింది. లచ్చక్క పోయింది. ఇల్లు ఎవరిదో అయింది. నేను కరీంనగర్‌కు వచ్చి మిల్లులో హాజరు రాస్తున్నాను. ఇప్పటికీ దేన్ని చూసినా లెక్క దానంతటదే మొదలవుతుంది. ఇవాళ పొద్దున బస్తాలు ఎత్తే వేళకు మేస్త్రీ వచ్చి, "ఒకలు తక్కువున్నరు సార్, వేరేటోన్ని పెట్టుకోవాల్నా?" అన్నాడు. కలం పక్కన పెట్టి, ఎవరు అని అడిగాను. మనుషుల వైపు తిరిగి చూసుకుంటే గానీ అతను చెప్పలేకపోయాడు. ఓదెలు అన్నాడు. గదికి పోయి చూస్తే తలుపు లోపల గడియ వేసి ఉంది. పిలిస్తే మూలుగు వినిపించింది.

డాక్టరు గది తలుపు తెరుచుకుంది. "పేషెంట్‌తో ఎవరొచ్చిండ్రు?" అంది నర్సు.

"ఓదెలుతో నేనొచ్చిన," అని లేచాను.