నాది కాదని రాసిచ్చిన ఇల్లు

ఆ ఉదయం కూడా మామయ్య కత్తి నూరాడు.

మా పెరడంతా సిమెంటే. కొయ్యడానికి గడ్డిపరక కూడా లేదు. అయినా శాంతాక్రూస్‌లో మా పట్నపు ఇంటికి వచ్చిన రోజు నుంచీ, తెల్లవారగానే బట్టలుతికే తొట్టి దగ్గర కూర్చుని, సానరాయి తడిపి, చెయ్యంత పొడవున్న ఆ పొలం కత్తిని రెండు వైపులా నూరేవాడు. బొటనవేలితో అంచు చూసుకుని, తోలు ఒరలో పెట్టి, తలుపు వెనక తగిలించేవాడు. ఆ రోజూ అంతే చేశాడు. కాఫీ ఇచ్చాను. సగం తాగి, "ఇవాళ గాలే లేదేమే నెలీ" అన్నాడు. నేను బడికి వెళ్ళిపోయాను. పది గంటలకి పక్కింటావిడ ఫోను చేసింది. గోడవార కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. పిలిస్తే పలకడం లేదట.

ఆయన పేరు ఎవారిస్తో మతారీతా. మా అమ్మకి అన్న. డెబ్భై అయిదేళ్ళు. గరోబో తీరంలో, సముద్రం కనిపించే కొండవాలు మీద, మా తాత కట్టిన రెండు గదుల చెక్క ఇంట్లో పుట్టాడు. ఆ ఇంట్లోనే పెళ్ళాం రోసెన్‌దా ఆయన చేతిలో చెయ్యి పెట్టి పోయింది. తనూ ఆ గదిలోనే పోవాలని ఆయన కోరిక. అంతకు మించి ఆయన ఎవరినీ ఏదీ అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఆ ఇల్లు ఆయనది కాదు. ఒకప్పుడు ఆయనదే.

నా చిన్నప్పుడు గరోబోకి రోడ్డు లేదు. సముద్రం పక్కన నేలంటే పనికిమాలిన వాటా. ఉప్పుగాలికి పచ్చిక ఎదగదు, మొక్కజొన్న కంకి పట్టదు. మా తాత లోపలి మంచి నేల పెద్ద కొడుకులకి రాసి, ఆ కొండవాలు చిన్నవాడైన ఎవారిస్తోకి వదిలేశాడు. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పశువులు ఒక్కొక్కటీ కంచె పక్కన పడిపోతుంటే, వాటిని ఈడ్చుకెళ్ళడానికి ఎద్దుకి కూడా బలం లేని రోజుల్లో వెండెల్ వచ్చాడు. ఒరెగాన్ నుంచి వచ్చిన గ్రింగో; తెల్ల పరదేశీయుల్ని మేం అలాగే అంటాం. ఎండకి కందిపోయిన ముక్కు, మా భాషలో ముప్పై మాటలు. కొండ మీద నిలబడి సముద్రాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడట. ఆ నేల చూసి ఒక మనిషి ఏడవడం మామయ్య అదే మొదటిసారి చూడటం. అమ్మేశాడు.

"పిచ్చివాడు దొరికాడనుకున్నా" అనేవాడు తరవాత, నవ్వుతూ. "పిచ్చి ఎవరికో అప్పుడు తెలిస్తే కదా."

సంతకాలయ్యాక వెండెల్ తన ముప్పై మాటల్లో వెతుక్కుని ఒకటే చెప్పాడు. నువ్వు ఎక్కడికీ పోవద్దు, ఇంట్లోనే ఉండు, నేల చూసుకో, నువ్వు బతికున్నంత కాలం. ఇద్దరూ చేతులు కలిపారు. మామయ్య దృష్టిలో దస్తావేజు అదే. మిగతాదంతా లాయర్లకి ఉండాల్సిన కాగితం.

ఆ కాగితం మాత్రం ఏటా వచ్చేది. డిసెంబరు మొదటి వారంలో, మా వైపు వానలు ఆగి ఎండాకాలపు గాలి మొదలయ్యాక, లాయరు అర్గేదాస్ తన కారు వాగు అవతల ఆపి బూట్లు చేత్తో పట్టుకుని నడిచి వచ్చేవాడు. కాగితం పైకి చదివేవాడు. 'ఈ భూమి మీద గానీ ఈ ఇంటి మీద గానీ నాకు ఏ హక్కూ లేదు. యజమాని అనుమతితో, జీతానికి, కాపలాదారుగా మాత్రమే ఉంటున్నాను.' ఇక్కడ నేల కొనే ప్రతి గ్రింగోకీ మొదట చెప్పే జాగ్రత్త ఇదే. కాపలావాణ్ణి ఏళ్ళ తరబడి కాగితం లేకుండా వదిలేస్తే, నేల వాడిదైపోతుందని.

మామయ్య ఆ రోజు స్నానం చేసి, పెళ్ళికి కుట్టించుకున్న తెల్లచొక్కా వేసుకునేవాడు. కోడిని కోసేవాడు. గుడ్డసంచిలో కాఫీ వడగట్టి, లాయరు తాగాకే సంతకం పెట్టేవాడు. పెట్టి, కలం మూత బిగించి, రెండు చేతులతో తిరిగిచ్చేవాడు. ఏడాదిలో పండగలాంటి రోజు ఆయనకి అదే. నాకు ఊహ తెలిశాక ఆ రోజంటే కడుపు మండేది.

వెండెల్ వాళ్ళ దేశపు చలి తప్పించుకోవడానికి మూడు శీతాకాలాలు వచ్చాడు. కొండమీద పెద్ద ఇల్లు కడతానని కొయ్యమేకులు పాతి తాళ్ళు కట్టాడు. తరవాత రాలేదు. మేకులకి చెదలు పట్టాయి. మామయ్య మాత్రం ఏటా వేసవికి ముందు నేల చుట్టూ గడ్డి చెక్కి, పక్కవాళ్ళు గడ్డికి పెట్టే మంట ఇటు పాకకుండా రెండు బారల వెడల్పున బాట తీసేవాడు. కంచెలో కుళ్ళిన గుంజలు తీసి పచ్చి కొమ్మలు పాతేవాడు. అవి చిగిర్చి చెట్లయ్యేవి. ఎవరి కోసమని అడిగితే, "నేల నేలే కదా" అనేవాడు.

ఈలోగా రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట బోర్డులు వచ్చాయి, అన్నీ ఇంగ్లీషులోనే. కొండలు ముక్కలై ఒక్కో ముక్కకీ గేటు వచ్చింది. కింద ఇసుకలో గుడిసె ఉండే తోబియాస్ తన వాటా అమ్మేసి, ఆ డబ్బు రెండేళ్ళలో ఊదేసి, అలల మీద ఆడుకోవడానికొచ్చే గ్రింగోలని పడవలో తిప్పుతూ బతికేవాడు. మామయ్యకి చిన్ననాటి స్నేహితుడు. డిసెంబరు దగ్గరపడితే చాలు, వాడికి నోరు ఊరుకునేది కాదు.

"ఒరేయ్ ఎవారిస్తో, నీ అంత తెలివితక్కువవాణ్ణి నికోయా గుర్రాల్లో కూడా చూళ్ళేదురా."

"గుర్రం సంతకం పెట్టదు కదరా."

"అదే కదా మొత్తుకుంటున్నా! దానికున్న బుద్ధి నీకు లేదని! లాయరు వచ్చేరోజు పడవెక్కెయ్. ఏ ఏటికా ఏడు ఎక్కెయ్. పదేళ్ళయ్యాక ఆ కాగితాల బూట్లవాడే నీకు కాఫీ వడగడతాడు."

"వాడికి కాఫీ వడగట్టడం రాదు. నీళ్ళలా చేస్తాడు."

"నీతో మాట్లాడేకంటే ఈ పీతతో మాట్లాడటం నయం."

"పీతకి పెళ్ళాం ఉందేమో కనుక్కో, నీకు పనికొస్తుంది."

అత్త పోయిన ఏడేళ్ళకి నేనూ తోబియాస్ పక్షమే చేరాను. సెలవులకి వెళ్ళి మూడు రోజులు వెంటపడ్డాను. వెండెల్ ముసలివాడైపోయాడు, రేపు వాళ్ళ పిల్లలు అమ్మేస్తే నువ్వు ఎక్కడికి పోతావు అన్నాను. నాలుగో రోజు లాయరు వచ్చే రోజు. తెల్లారేసరికి తోబియాస్ పడవ దగ్గర ఉన్నాడు మామయ్య, పాత చొక్కాతో. తోబియాస్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పడవ వెళ్ళిపోయింది. నేను ఇంటికి తాళం వేసి, తోబియాస్ గుడిసెలో కూర్చున్నాను. కొండమీద లాయరు గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉండటం అక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది. గొడుగు మర్చిపోయినట్టున్నాడు, తల మీద ఫైలు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే పడవ తిరిగొచ్చింది. తోబియాస్ తిడుతూనే ఉన్నాడు. మామయ్య మోకాళ్ళ దాకా తడిసి, నా వైపు చూడకుండా, గబగబా కొండెక్కుతున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏమవుతుంది! ఒక్క చేప పట్టనివ్వలేదు. 'ఆ మనిషి ఎండలో కూర్చునుంటాడు, మంచినీళ్ళిచ్చేవాడు కూడా లేడు' అని ఒకటే గొణుగుడు. సముద్రంలోకి తోసేద్దామనుకున్నా, ఈత వచ్చు వెధవకి."

ఆ రోజూ సంతకం పెట్టాడు. తడిసిన ప్యాంటుతో, కోడి లేకుండా. లాయరు వెళ్ళాక నాతో అన్నాడు: "కోపం తెచ్చుకోకే. ఆయన చెయ్యి కలిపాడు, నేనూ కలిపాను. నేను తప్పుకుంటే ఆయన మాట కూడా తప్పినట్టే అవుతుంది." అప్పుడు ఆ మాట నాకు చాదస్తంలా వినబడింది. ఇప్పటికీ సగం అలాగే వినబడుతుంది.

ఎనిమిదేళ్ళ తరవాత లాయరు జూన్‌లో వచ్చాడు. వానల్లో. నేనూ అక్కడే ఉన్నాను. కారు చప్పుడు విని మామయ్య కంగారుగా పెట్టె తెరిచి తెల్లచొక్కా వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూనే, "ఈసారి ముందే వచ్చారే లాయరుగారూ, కోడి కూడా పెరగలేదు" అన్నాడు.

"ఈసారి సంతకం అక్కర్లేదు, దోన్ ఎవారిస్తో. కూర్చోండి."

వెండెల్‌కి మతి పోయిందట. ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉన్నాడట, కొడుకుని కూడా పోల్చుకోవడం లేదట. పిల్లలు నేల అమ్మేశారు. కొన్నది బెల్జియం దంపతులు.

"కొనేవాళ్ళు ఖాళీగా అప్పజెప్పమన్నారు" అన్నాడు లాయరు.

"ఖాళీగానే ఉంది కదండీ. పశువులు కూడా లేవు."

లాయరు కాఫీ గిన్నెలోకి చూశాడు. "ఖాళీగా అంటే, ఎవరూ లేకుండా."

మామయ్య కాసేపు ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, అర్థం కానివాడిలా. తరవాత, "ఓహో" అన్నాడు. "అంటే నేనా."

చట్టప్రకారం పనివాడికి ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చారు, రెండు నెలల గడువు కూడా ఇచ్చారు. నేను కోర్టుకి వెళ్దామన్నాను. బళ్ళో ఒక టీచరు తమ్ముడు లాయరు, వాడితో మాట్లాడాను కూడా. మామయ్య ఒప్పుకోలేదు. "ముప్పై సార్లు నాది కాదని రాసిచ్చి, ఇప్పుడు నాదంటే, ఆ ముప్పై సార్లు సంతకం పెట్టింది ఎవరంటావ్?"

గడువు ఇంకా పది రోజులుందనగా ఆయన నన్ను ఒకటి అడిగాడు. వాన కాస్త తెరిపిచ్చింది. ఇద్దరం వసారాలో కూర్చుని వేడి మొక్కజొన్న రొట్టెలు తింటున్నాం. చెట్లమీద కొంగో కోతులు అరుస్తున్నాయి.

"నీకు ఇంగ్లీషు వచ్చు కదా" అన్నాడు. "వాళ్ళని ఒకసారి అడిగి చూడరాదూ."

"ఏమని?"

"ఏమీ లేదు. ముసలాడు ఒకడున్నాడు, ఎక్కువ రోజులుండడు, నేల సంగతి తెలిసినవాడు, ఉండనిస్తారా అని. జీతం వద్దని చెప్పు."

"వాళ్ళ కాళ్ళ మీద పడమంటావా మామయ్యా?"

"అడగమన్నాను. కాళ్ళ మీద ఎందుకు పడటం."

"నీ ఇంట్లో నువ్వుండటానికి ఆ పరాయివాళ్ళని బతిమాలడం నా వల్ల కాదు. నీకు సిగ్గు లేకపోతే నాకుంది."

ఆయన రొట్టె విరుచుకుని పీతకూరలో ముంచాడు. "సరేలే" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నాకు నా మాట గొప్పగా అనిపించింది. ఆత్మగౌరవం నిలబెట్టాననుకున్నాను, ఆయనది కూడా కలిపి.

సామాను తోబియాస్ అల్లుడి బండిలో సరిపోయింది, ఇంకా చోటు మిగిలింది. మంచం, కుండలు, రోసెన్‌దా అత్త ఫోటో, కోడిపుంజు ఒకటి. తోబియాస్ ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. బండి కదిలాక మాత్రం వెనక నుంచి అరిచాడు: "ఒరేయ్, సంతకాల రాజా! అక్కడ కూడా ఏదైనా కాగితమిస్తే చదివి పెట్టు!" మామయ్య వెనక్కి తిరగకుండా చెయ్యి మాత్రం ఊపాడు.

మా ఇంట్లో అయిదు నెలలున్నాడు. జబ్బేమీ లేదన్నారు డాక్టర్లు. తిండి తగ్గింది. మంచం మీద పడుకుని, "ఈ గోడ ఎటు దిక్కు?" అని అడిగేవాడు. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడిగేవాడు. పొద్దున లేచేసరికి సముద్రం చప్పుడు లేకపోతే తను ఇంకా లేవలేదేమో అనిపిస్తుందని ఒకసారి అన్నాడు. నేను అదొక కవితలా విని, బడిలో పిల్లలకి చెప్పాను. ఎంత తెలివితక్కువదాన్ని. ఆయన సాయం అడుగుతున్నాడు.

మామయ్య కోసం తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యాక, తోబియాస్‌కి ఆయన టోపీ ఇద్దామని గరోబో వెళ్ళాను. తోబియాస్ పడవలో ఉన్నాడు, రావడానికి గంట పడుతుందన్నారు. కాళ్ళు వాటంతటవే కొండవైపు తీసుకెళ్ళాయి. కొత్త గేటు ఉంది. గేటు అవతల మా తాత ఇల్లు అలాగే ఉంది. రేకులు మాత్రం తుప్పు గీకి ఎర్రరంగు వేశారు. వసారా ఊడ్చి ఉంది. లోపల ఎవరూ లేరు. కొండమీద కొత్త ఇంటి కట్టుబడి మొదలవనే లేదు.

ఒక ఆవిడ తోటపని చేతిజోళ్ళతో కిందికి దిగి వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, నేల కొన్న బెల్జియం ఆవిడే. చావుకి కట్టుకున్న నా నల్లబట్టలు చూసి కాస్త ఆగి, వచ్చీరాని మా భాషలో పలకరించింది. ఈ ఊరివాళ్ళేనా అని అడిగింది. అవునన్నాను. పేరు చెప్పలేదు. ఈ ఇంట్లో ఇంతకు ముందు ఎవరుండేవారో తెలుసా అని నేనే అడిగాను.

ఎవరూ లేరట కదా, పాత సామాన్ల కొట్టం అని చెప్పారు, అంది. ఖాళీగా కావాలని మీరే రాయించారు కదా అన్నాను. ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. కాసేపటికి, అది ఏజెంటు రాసిన మాట, అందరి కాగితాల్లోనూ ఉండేదేనట, మేం చదవనైనా లేదు, అంది.

తరవాత ఆవిడ ఇంటివైపు చెయ్యి చూపించింది. ఆ ఇంట్లో ఉండి నేల చూసుకునే మనిషి కోసం కొనకముందు నుంచీ వెతుకుతున్నామని, ఇంకా దొరకలేదని, ఈ ఊరివాడై ఉంటే చాలని, వయసు మళ్ళినవాడైనా పరవాలేదని చెప్పింది.