ఎడమ వెనక చక్రం

కారు కొన్నది అక్క మోకాళ్ల కోసమే. ఈ మాట అప్పట్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకు తిరిగాను కాబట్టి ఇప్పుడు దాచలేను. జల్‌పల్లిలో మా ఇళ్లు పక్కపక్క గల్లీల్లో ఉంటాయి. ఇద్దరివీ పాతబస్తీలో ప్రభుత్వ ఉద్యోగాలే, నాది గుమాస్తా పని, ఆమెది అటెండర్ పని. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు అక్క కడ్డీ పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునేది. అది చూడలేక ఒక పాత చిన్న కారు కొన్నాను. ముందు సీటు పూర్తిగా ముందుకు జరిపితే వెనక ఎడమవైపు ఆమె కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

కొన్న నెలకే వెనక టైర్లు అరిగి గుండయ్యాయి. కొత్తవి కొనే స్థితి కాదు నాది. పాత టైర్ల దుకాణానికి వెళితే, బండికి ఉండాల్సిన దానికంటే కొంచెం వెడల్పు టైర్లు చూపించాడు. "మస్తు మజ్బూత్, గట్టిగ ఉంటయి భాయ్, ఫికర్ చేయకు" అన్నాడు. వెడల్పయితే మంచిదే కదా అని నేనూ సంబరపడ్డాను.

మర్నాడు అక్క ఎక్కింది. మా కాలనీలో మొదటి స్పీడ్ బ్రేకర్ దిగగానే ఎడమ వెనక నుంచి గర్రుమని చప్పుడు. ఆమెను ఆఫీసు దగ్గర దింపాక చప్పుడు లేదు. సాయంత్రం ఆమె ఎక్కగానే మళ్లీ గర్రు. ఇంకేం కావాలి? రోగం ఏమిటో తేల్చేశాను.

"అక్కా, నువ్వు ఎక్కితే బండి మూలుగుతున్నది" అన్నాను. ఆమె నవ్వింది.

వైద్యం మాత్రం చేయకపోలేదు. అడిగిన పాపానికి ప్రతివాడూ ఒక సలహా ఇచ్చాడు. గాలి ఎక్కువ కొట్టించాను. స్ప్రింగు మధ్యలో రబ్బరు ముక్క ఇరికించాను. చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు కోయించాను. ఒక్కటీ పని చేయలేదు. చివరికి అన్నిటికంటే చవకైన ఉపాయం నేనే కనిపెట్టాను. మెయిన్ రోడ్డు దాకా మూడు స్పీడ్ బ్రేకర్లున్నాయి. ప్రతిదాని ముందూ బండి ఆపి, "ఒక్క నిమిషం దిగక్కా" అనేవాణ్ణి. ఆమె తలుపు పట్టుకుని దిగి, టిఫిన్ సంచితో దాని అవతలిదాకా నడిచి, మళ్లీ ఎక్కేది. మోకాళ్ల కోసం కొన్న కారు ఇది!

పాల దుకాణం దగ్గర ఒకావిడ రోజూ చూసేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఏందక్కా, బండి ఖరాబయిందా?" అని అడిగింది.

"బండి మంచిగనే ఉంది. నేనే బరువైన" అన్నది అక్క.

ఇద్దరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

రెండు నెలలు గడిచాక, "రేపటి సంది బస్సుల పోత తమ్మీ, నీకు లేటయితున్నది" అన్నది. నేను వద్దని గట్టిగా అనలేదు. పైకి చెప్పలేదు గాని, బండి బతికిపోయిందనుకున్నాను.

వారం తర్వాత ఒక్కణ్ణే ఆఫీసుకు వెళ్తుంటే గర్రుమంది. అద్దంలో చూశాను. వెనక సీట్లో ఎవరూ లేరు. ఆ రోజు సెలవు పెట్టేసి, మొఘల్‌పురాలో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడంటే బండిని అక్కడికి నడుపుకుంటూ పోయాను.

ఆయన బానెట్ తీయలేదు, నా కథ వినలేదు. బండిని చదునైన నేల మీద పెట్టించి నన్ను దిగమన్నాడు. కుడివైపు వెనక టైరుకీ పైన రేకుకీ మధ్య చేయి పెట్టాడు. నాలుగు వేళ్లు పట్టాయి. ఎడమవైపు పెట్టాడు. రెండే.

"గాడీ ఖాలీ హై నా సాబ్? మరి గిట్లెందుకు కూసున్నది?"

మూడు నెలలుగా నడుపుతున్న నా బండి ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంది, కళ్లెదుటే.

జాకీ పెట్టి చక్రం ఊడదీశాడు. స్ప్రింగు అడుగు చుట్టు విరిగిపోయి ఉంది. విరిగిన ముక్కను గుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు. విరిగిన చోట కూడా తుప్పు. "ఇది నిన్న మొన్నటిది కాదు. నువ్వు కొనకముందుదే" అన్నాడు. తర్వాత నా చేయి పట్టుకుని, ఆ వెడల్పు టైరు లోపలి వైపు, బయటికి కనిపించని చోట పెట్టాడు. రబ్బరు లేదు. వేళ్లకు దారాలు తగిలాయి. పక్కనున్న ఇనుప అంచు రోజూ కొంచెం కొంచెం కోసేసింది.

"ఏ టైముకైన పగిలేది. దీని మీద సీట్ల ఎవరు కూసుంటరు?"

"మా అక్క" అన్నాను. ఆయన నా మొహం చూసి ఒక స్టూలు నా వైపు తోశాడు. కూర్చున్నాను. నాలుగు వేళ్లతో తేలే సంగతి కోసం ఆమెను రెండు నెలలు రోడ్డు మీద నడిపించాను.

పాత సామాన్ల దుకాణం నుంచి ఇలాంటి కారువే మంచి స్ప్రింగుల జత తెప్పించి బిగించాడు. సరైన సైజు టైర్లు కూడా పడ్డాయి. సాయంత్రం అటునుంచి అటే అక్క ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే అంతా చెప్పేశాను, స్ప్రింగు, తుప్పు, దారాలు, అంతా. తప్పు ఆమె బరువుది కాదని రెండుసార్లు చెప్పాను.

లోపల్నుంచి బావ అన్నాడు. "గీ ముక్క ముందే చెప్తే అయిపోవు గదా బామ్మర్ది. రెండు నెలల సంది రాత్రి అన్నం ముడతలేదు నీ అక్క. అడిగితే గ్యాస్ అంటది. నిన్న బాత్రూం కాడ కండ్లు తిరిగి పడ్డది."

ఆమె మోచేతికి కట్టు అప్పుడు చూశాను.

అక్క ఆయన్ని ఊరుకోమని, నా వైపు తిరిగింది. కోపం కూడా లేదు గొంతులో.

"నేను దిగినంక ఒక్కసారన్న ఖాళీ బండి దిక్కు సూడలేదా తమ్మీ?"

చూడలేదు. ఆమె దిగగానే నేనెప్పుడూ చేతి గడియారం చూసుకునేవాణ్ణి.