గాల్లో బిగించిన బోల్టు

జాకీ బాబాయ్ అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. కారు సస్పెన్షన్ పనిలో అంతగా చెయ్యి తిరిగిన మనిషి. బండెక్కి మలుపు దాకా వెళ్లొస్తే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. కోపం మాత్రం ముక్కు మీదే. ఎందుకలా చేస్తున్నావని ఎవరైనా అడిగారో, ఒంటికాలి మీద లేచేవాడు. "కళ్లున్నాయిగా, చూసి నేర్చుకో!" అనేవాడు. చదువుకునే రోజుల్లో కొడుకు అడిగినా అదే జవాబు. మహానుభావుడు, ఒక్క ముక్క విప్పి చెప్పిన పాపాన పోలేదు. కొడుకూ అడగడం మానేశాడు.

ఇప్పుడు చెబుదామంటే నోరేది? పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పడిపోయింది. ఆయన నడిపే మెకానిక్ షెడ్డు మూతపడింది.

ఆ ఆదివారం కొడుకు తన కారు కింద తానే దూరాడు. ముందు చక్రాలను పట్టి ఉంచే ఆర్ముల్లో రబ్బరు బుష్షులు అరిగిపోయాయి. పుస్తకం తిరగేశాడు, వీడియోలు చూశాడు, బిగువు కొలిచే టార్క్ రెంచి కూడా ఎక్కడినుంచో తెచ్చాడు.

"నాన్నా, నువ్విక్కడ కూర్చుని చూడు. ఈసారి నేను చేసి చూపిస్తా," అంటూ వాకిట్లో కుర్చీ వేశాడు. కొడుకు చేతిలో పనిముట్టు చూసి బాబాయ్‌కి నిజంగానే సంతోషమేసింది.

పాతవి పీకడం బాగుంది. కొత్తవి ఎక్కించడం ఇంకా బాగుంది. కానీ బండి ఇంకా జాకీ మీదే ఉంది, చక్రం గాల్లో వేలాడుతోంది, వాడేమో అప్పుడే ఆర్ము బోల్టుకి రెంచి తగిలించాడు. అయ్యో, అలా కాదురా! ముందు వదులుగా పెట్టు. చక్రాలు నేలకి దించి, బండి బరువు పడ్డాక బిగించు. గాల్లో బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడుతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది! ఈ ఒక్కటీ వాడి చెవిన పడితే చాలు, తర్వాత ప్రాణం పోయినా ఫర్వాలేదనిపించింది. నోట్లోంచి మాత్రం "ఊ..." అని వచ్చింది.

"ఏంటి నాన్నా, దాహమా?"

బాబాయ్ ఎడమ అరచేతిని కిందికీ కిందికీ ఆడించాడు, దించమని.

"మెల్లగా చెయ్యమంటావా? మెల్లగానే చేస్తున్నాలే. కొలత ప్రకారం బిగిస్తున్నా, వెంట్రుకవాసి తేడా రాదు."

బిగువు సరిపోయిందన్నట్టు రెంచి టక్కుమంది. బాబాయ్ కళ్లు నిండిపోయాయి.

"మామయ్యకి షెడ్డు గుర్తొచ్చినట్టుంది, లోపలికి తీసుకెళ్దాం పట్టండి," అంది కోడలు. పాపం, ప్రేమతోనే అంది.

వానలు మొదలయ్యేసరికి బండి కిర్రుమనసాగింది. మలుపు తిరుగుతుండగానే ఆయనకి వినబడేది, వినబడినప్పుడల్లా గుండె తరుక్కుపోయేది. రబ్బరు నాసిరకమని కొడుకు దుకాణంవాణ్ణి తిట్టిపోసి కొత్త జత తెచ్చాడు. మళ్లీ జాకీ ఎక్కించాడు, మళ్లీ వాకిట్లో కుర్చీ వేశాడు.

చక్రం గాల్లో ఉండగానే బోల్టుకి రెంచి తగిలించి, ఎందుకో ఆగి తండ్రి వంక చూశాడు.

"ఇలాగేగా నాన్నా?"

ఎన్నేళ్లకి అడిగాడు! తల అడ్డంగా ఊపితే, మరెలాగో చెప్పాలి. చెప్పలేకపోతే వాడు నీళ్లిస్తాడు, దిండు సర్దుతాడు, లోపల పడుకోబెడతాడు. వాడేమో చిన్నపిల్లాడిలా ఆశగా చూస్తున్నాడు.

బాబాయ్ అవునన్నట్టు తలూపాడు.