ఎలుక చెప్పలేని సంగతి

సారు పోయారని మా అమ్మే ఫోన్ చేసి చెప్పింది. షాద్‌నగర్ దగ్గర మందుల కంపెనీలో పొద్దటి షిఫ్టుకు దిగి, తలకు టోపీ పెట్టుకుంటున్నాను. "సారు లేడు బిడ్డా. తెల్లారుజామున నిద్రలనే పానం పోయిందట. నేను హాలియాల బస్సెక్కిన, నువ్వు నల్లగొండకు రా" అంది. సారు నాకు ఫార్మసీ కాలేజీలో పాఠం చెప్పినాయన. ఆ కబురు నాకంటే ముందు మా అమ్మకు ఎందుకు అందిందో చెప్పాలంటే ఎలుకల దగ్గర మొదలుపెట్టాలి. సారు కూడా ఏ పాఠమైనా అక్కడే మొదలుపెట్టేవారు.

నల్లగొండ బయట మా కాలేజీలో ఏసీ ఉన్న గది ఒక్కటే, అది ఎలుకలది. ప్రిన్సిపాల్‌కు కూడా కూలరే. ఎండాకాలంలో మేము ఏదో ఒక వంక పెట్టుకుని ఆ గదిలో దూరేవాళ్లం. సారు గుమ్మంలోనే వాసన పట్టేవారు. "సెంటు కొట్టుకొని పెండ్లికి పోవాలె, ఎలుకల దగ్గరికి గాదు" అని వెనక్కి పంపేవారు. లోపల గొంతు పెంచకూడదు, గాజుల చప్పుడు కాకూడదు. పనికి కావలసినదానికన్నా ఒక్క ఎలుకను కూడా ఎక్కువ తెప్పించనిచ్చేవారు కాదు.

నా ప్రాజెక్టు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయకుండా ఉండలేని జబ్బు మీద. చేతులు కడిగిందే కడగడం, గొళ్లెం పెట్టి ఉందో లేదో పదేపదే చూడటం అలాంటివి. ఆ జబ్బుకు పనికొస్తాయనుకున్న మందుల్ని ముందు ఎలుకల్లో పరీక్షిస్తారు. తొట్టిలో మందంగా ఊక పోసి, పైన గాజు గోలీలు పేర్చి ఎలుకను వదులుతాం. అది ముందుకాళ్లతో ఊక తవ్వి ఒక్కో గోలీనీ కప్పేస్తుంది. కొన్ని మందులిస్తే కప్పడం తగ్గుతుంది. క్లాక్ టవర్ దగ్గర కొట్లో నేను గోలీలు బేరమాడుతుంటే, ఇంత పెద్ద పిల్లకు ఇవెందుకని కొట్టాయన వింతగా చూశాడు.

మొదటిసారి నేను 'ఎలుకకు ఆ జబ్బు వచ్చింది' అని రాస్తే సారు వేలు పెట్టి చూపించారు. "'లాంటి' ఏడబోయింది?"

"ఏ 'లాంటి' సార్?"

"జబ్బు లాంటిది అను. తవ్వుడు ఎలుక గుణం, పుట్టినకాంచి తవ్వుతనే ఉంటది. దాంట్ల మనిషి జబ్బును చూసుకుంటున్నది మనం."

ఆ మాట మా బ్యాచ్ మొత్తానికి అంటుకుంది. క్యాంటీన్‌లో "చాయ్ లాంటిది రెండియ్యన్నా" అనేవాళ్లం. ఒకసారి సారు మా వెనకే నిలబడి విని, "నాక్కూడ ఒకటి" అన్నారు.

మందు ఇచ్చిన ఎలుక గోలీల జోలికి పోలేదని ఒకరోజు పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. "సంబరపడకు. మనసు నిమ్మళించిందా, మత్తెక్కి పండుకుందా? ముందుగాల నడుస్తుందో లేదో సూడు పో" అన్నారు. వెళ్లి చూస్తే అది గోలీ మీద గడ్డం ఆనించి హాయిగా నిద్రపోతోంది. మందు పాళ్లు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను.

ఆ జబ్బు గురించి చదువుతున్నకొద్దీ నాకు మా అమ్మ చేతులే గుర్తొచ్చేవి. అమ్మ పత్తి చేన్లకు కూలికి పోతుంది. ఇంటికి రాగానే చేతులు కడిగేది, తుడుచుకుని మళ్లీ కడిగేది. వేళ్ల కణుపులు పగిలి నెత్తురు వచ్చినా ఆపేది కాదు. బోరు ఎండిపోయేది నీ వల్లనే అని నాయిన ఎగతాళి చేసేవాడు. ఆ ఏడు పనికి పోవడం కూడా మానేసింది. నేను సెలవుకు వెళ్తే నా పళ్లెంలో అన్నం పెట్టేది కాదు, నువ్వే పెట్టుకో అని దూరంగా కూర్చునేది. ఎందుకని అడిగితే లేచి వెళ్లిపోయేది. మా అమ్మ నా చేయి జారిపోతోందని నాకు భయం పట్టుకుంది.

సారుకు చెప్పాను. "నేను మందుల పాఠం చెప్పేటోన్ని, రాసేటోన్ని గాదు. పెద్ద దవాఖానల మనసు డాక్టరు ఉంటడు, తోల్కపో" అన్నారు.

అమ్మ రానంది. ఎంత బతిమాలినా ఒకటే మాట. "ఎలుకలే మింగుత లేవట గదా ఆ గోలీలు! కప్పెడుతున్నయని నువ్వే చెప్పినవు. నేనెట్ల మింగాలె?"

అంతకుముందు ఫోన్లో నా పని గురించి చెప్పిందంతా ఆమె అలా అర్థం చేసుకుంది. మా దగ్గర పిల్లలు ఆడేదీ గోలీయే, జ్వరమొస్తే మింగేదీ గోలీయే. సారుకు చెబితే కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. తర్వాత, "అడిగింది తప్పేం గాదు. తీస్కరా, సూడనియ్యి" అన్నారు.

అమ్మ వచ్చింది. ఎలుకల గది తలుపు ముట్టుకోలేక కొంగులో చేతులు చుట్టుకుని నిలబడింది. సారు తలుపు తీసి, ఆమె లోపలికి వచ్చేదాకా కాలితో ఆపి పట్టుకున్నారు. తొట్టిలోకి చూసి, "ఇవి పోరగాండ్లు ఆడే గోలీలు గద" అంది అమ్మ. ఆమె సిగ్గుపడకముందే సారు "ఔ చెల్లె, మీ బిడ్డె బేరమాడి కొనుక్కొచ్చింది" అన్నారు.

ఎలుక తవ్వుతోంది. అమ్మ చాలాసేపు చూసింది. "ఎందుకు కప్పెడుతది సారూ?"

"తెల్వది చెల్లె. భయమో, అలవాటో, ఉత్తగనే తవ్వుతదో. దాన్ని అడిగితె చెప్పదు. మేము పక్కన కూసోని అనుకునుడే. నువ్వైతె చెప్పగలవు గద. డాక్టరుకు చెప్పు."

అమ్మ తొట్టి వైపే చూస్తూ, నాతో కాదు, సారుతో చెప్పింది. "చేన్ల కొట్టిన మందు చేతులకు ఉంటదేమోనని సారూ. ఎంత కడిగినా పోలేదనిపిస్తది. అన్నంల కలిసి నా బిడ్డకేమన్న అయితదేమోనని." నా పళ్లెం నుంచి ఆమె దూరంగా కూర్చున్నది అందుకు. నాకు ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను. గదిలో చప్పుడు చేయకూడదని సారు ఆరోజు అనలేదు.

మర్నాడే దవాఖానకు వెళ్లాం. డాక్టర్ గోలీలు రాసిచ్చారు, దాంతోపాటు ఒక సాధన చెప్పారు. కొంగు, గొళ్లెం, చెంబు ఏదైనా ముట్టుకుని, కడగకుండా కూర్చోవాలి. గోలీలు మింగడం కంటే అదే కష్టమైంది. సారు ఆదివారాలు ఫోన్ చేసి "ఎట్లుంది చెల్లె?" అని అడిగేవారు. అమ్మ చింతచిగురు, అనపకాయలు పంపేది. తగ్గిందని నేనంటే, "తగ్గుతాంది అను" అని సరిచేసేవారు. ఆయనదే నిజం. ఇప్పటికీ పత్తికి మందు కొట్టే రోజుల్లో అమ్మకు కాస్త పెరుగుతుంది. మళ్లీ సర్దుకుంటుంది. అమ్మ కూలికి పోతోంది, నాకు అన్నం కలిపి పెడుతోంది. ఆ ఆదివారం ఫోన్ల పరిచయంతోనే, సారు పోయిన పొద్దున ఆయన భార్య ముందు అమ్మకు ఫోన్ చేసింది.

నేను వెళ్లేసరికి సారును వరండాలో పడుకోబెట్టి ఉంచారు. అమ్మ ఆయన పాదాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం మగవాళ్లు తీసుకెళ్లాక, ఆడవాళ్లందరూ పెరట్లో డ్రమ్ము దగ్గర స్నానాలకు నిలబడ్డారు. చావింటి మైల, ఎంత కడుక్కున్నా ఎవరూ ఏమీ అనని రోజు. నేను గుమ్మంలోనే ఆగి చూస్తున్నాను. అమ్మ వంతు వచ్చింది. నెత్తి మీద నీళ్లు పోసుకుంది, ముఖం రుద్దుకుంది, చేతులు కడుక్కుంది. వెనకున్నామెకు చెంబు అందించి పక్కకు జరిగింది. తడి చీరతో ఎండలో నిలబడి జుట్టు పిండుకుంది.