నాయన పోసుకున్న నీళ్లు

ఈపొద్దు మా బాత్‌రూంలో నీళ్లు పోకుండా నిలబడిపోయినాయి. సబ్బు, చెమట కలిసిన ఆ కంపుకి ముక్కు మూసుకున్నాను. నాకు ఎనిమిదేండ్లప్పుడు, కరువులో, మా ఊరికి ట్యాంకరు వారానికొకసారి వచ్చేది. పెద్ద బేసిన్‌లో నిలబడి నాయన స్నానం చేస్తే, అందులోకి దిగిన నీళ్లే అన్నకు, అవే మళ్లీ నాకు. పైన నాయన వెంట్రుకలు, బీడీ వాసన.

ఒకరోజు నేను పోసుకోంగానే, "థూ! ఆఖరు ఎప్పుడూ నేనేనా?" అని బేసిన్‌ను తన్ని బోర్లించినాను.

ఉతికిన చీర భుజాన వేసుకొని వస్తాండిన అమ్మ, తడిసిన మట్టిని చూసి ఆగిపోయింది.

"పోనీలే పాపా. నేను ట్యాంకరు వచ్చినాక పోసుకుంటాలే."

ఇప్పుడు ఆ థూ నా మీదికే వస్తాంది.